దులిపితే పోని బూజు

పిల్లలూ!

మన తెలుగులో "బూజు" అనే మాట ఒకటే గాని, బూజులు మాత్రం రెండు. ఇంటి మూలల్లోనూ, అటకమీదా సాలెపురుగు అల్లి వదిలేసిన దారాలకు దుమ్ము పట్టి వేలాడుతూ ఉంటుంది చూశారా? అది ఒక బూజు. పండక్కి ముందు మీ అమ్మగారు పొడుగాటి కర్రకు చీపురు కట్టి దులిపేది దాన్నే. నిలవ రొట్టెమీదా, తడిగరిటె పెట్టిన పచ్చడిమీదా, వానాకాలంలో తోలుచెప్పులమీదా నూగులాగా లేస్తుందే, అది రెండో బూజు. మొదటిది సాలీడు వదిలి వెళ్లిన ఇల్లు; దానికి ప్రాణం లేదు. రెండోది తానే ఒక ప్రాణి. శిలీంధ్రాల జాతికి చెందినది, అంటే పుట్టగొడుగులకు చుట్టం.

రెండింటికీ పేరు ఒకటే కావడంచేత చాలామంది వైద్యం కూడా ఒకటే చేస్తారు. చీపురు పుచ్చుకుని దులుపుతారు. మొదటి బూజు దులిపితే పోతుంది. రెండోది దులిపితే పెరుగుతుంది! ఎందుకో ఈ నెల చెప్పుకుందాం.

గిలకలదిండిలో ఒక గోడ

బందరు పక్కనే గిలకలదిండి ఉంది. చేపల రేవు. పడవలు నిలిచే పాయ ఒక పక్క, ఇళ్లు ఒక పక్క. గాలిలో ఎప్పుడూ ఉప్పు వాసన, ఎండుచేపల వాసన. ఆ ఊళ్లో నాకు తెలిసినవారి ఇల్లు ఒకటి ఉంది. పోయిన కార్తీకమాసంలో వారు రమ్మంటే వెళ్లాను.

ఇటిక గోడలతో కట్టిన రెండు గదుల ఇల్లు అది. వెనకగదిలో గోడ బీరువా ఉంది. అంటే గోడలోనే గూడు వదిలి, అరలు వేసి, చెక్కతలుపులు బిగించినది. ఆ ఇంటి సంపదంతా అందులోనే ఉంది. పై అరలో ఇంటి పట్టా, పడవ కాగితాలు, ఏడో తరగతి చదివే అమ్మాయి బడి సర్టిఫికెట్లు. మధ్య అరలో గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చీరలు. కింది అరలో పుస్తకాలు. తలుపు తీసేసరికి గుప్పుమని ముక్కవాసన వచ్చింది. పుస్తకాల అట్టలమీద పచ్చని చుక్కలు, చీర మడతల్లో నల్లని మచ్చలు. కింది అర వెనక గోడకు సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి, తెల్లని దూదిలాంటిది లేచి ఉంది.

"వారానికోసారి దులుపుతూనే ఉన్నానండీ మాస్టారూ. మళ్లీ వారం తిరక్కుండానే లేస్తోంది," అన్నది ఇంటి ఇల్లాలు.

"సముద్రం పక్కన ఇల్లు కదా బాబూ, చెమ్మ రాక ఏం వస్తుంది?" అన్నది మామ్మ, అదేమీ పెద్ద విషయం కానట్టు.

ఇంటి యజమాని అప్పటికే ఒక నిశ్చయానికి వచ్చాడు. నిగనిగలాడే ఎనామిలు రంగు డబ్బా ఒకటి కొని తెచ్చి, ఆదివారం గోడకు పూద్దామని చూస్తున్నాడు. ఈ లోపల ఆ గదిలోనే పడుకునే అయిదేళ్ల పిల్లవాడికి రాత్రిళ్లు దగ్గు. మందు వేస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. పిల్లవాణ్ణి చూసిన డాక్టరు, "ఇంట్లో చెమ్మ గోడ ఏమైనా ఉందా?" అని అడిగాడట. అందుకే నన్ను రమ్మన్నారు.

చూశారా, ఒక బీరువా గోడలో ఎంత ఉందో! పిల్లవాడి ఊపిరి, అమ్మాయి చదువు, ఇంటి కాగితాలు, రంగుకు పోసిన డబ్బు. ఇంతకూ ఆ బూజు సంగతేమిటో ముందు తెలుసుకుందాం.

కంటికి కనపడని విత్తనాలు

1665లో రాబర్టు హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఒక పుస్తకం తోలు అట్టమీద లేచిన బూజును సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. మనకు నూగులాగా కనపడేది ఆయనకు చిన్న తోటలాగా కనిపించింది. సన్నని కాడలు, కాడల కొసలను గుండ్రని తలలు. ఆయన దాని బొమ్మ గీసి అచ్చు వేయించాడు.

ఆ తలల్లో ఏముంది? 1729లో మికేలి అనే ఇటలీ దేశస్థుడు దానికి జవాబు చెప్పాడు. ఆయన బూజు తలల్లోని పొడిని తీసి, కోసిన పండుముక్కలమీద చల్లాడు. ఏ రకం బూజు పొడి చల్లితే ఆ రకం బూజే మొలిచింది. అంటే ఆ పొడి బూజుకు విత్తనాలన్నమాట. వాటినే ఇప్పుడు మనం సిద్ధబీజాలు అంటున్నాం. అవి ఎంత చిన్నవంటే, బూజుల్లో చాలా రకాల బీజాలు వరసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరు పొడవున రెండు వందలు పడతాయి. అందుచేత అవి గాలిలో తేలిపోతూంటాయి. మీ ఇంట్లో ఉన్నాయి, మా ఇంట్లో ఉన్నాయి. వాటిని బొత్తిగా లేకుండా చేయడం ఎవరివల్లా కాదు.

మరి అన్నిచోట్లా బూజు లేవదేం? బూజు మూడుకాళ్ల పీటలాంటిది. ఒక కాలు తిండి, ఒక కాలు వెచ్చదనం, ఒక కాలు నీరు. మూడూ ఉంటేనే నిలబడుతుంది. తిండికి దానికేం లోటు? చెక్క, కాగితం, అట్టలకు పూసిన జిగురు, దుమ్ము, ఏదైనా తింటుంది. చీరలకు పెట్టిన గంజి అయితే దానికి విందుభోజనమే! వెచ్చదనమా, మన కృష్ణా డెల్టాలో ఏడాది పొడుగునా ఉన్నదే. ఇక మనం లాగెయ్యగలిగిన కాలు ఒక్కటే, నీరు. అది లాగేస్తే పీట పడిపోతుంది.

ఇప్పుడు చీపురు సంగతి ఆలోచించండి. పండిన బూజును చీపురుతో కొడితే ఏమవుతుంది? లక్షలకొద్దీ బీజాలు గాలిలోకి లేస్తాయి. కొన్ని పక్క అరలో పడతాయి, కొన్ని మంచం మీద పడతాయి, కొన్ని అక్కడ నిలబడ్డవాళ్ల ముక్కుల్లోకి పోతాయి. గోడలో వేళ్లలాగా పాకిన తంతువులు మాత్రం అక్కడే ఉంటాయి. అంటే దులపడం బూజును తీసెయ్యడం కాదు, నాట్లు వెయ్యడం!

చెమ్మ ఇళ్లల్లో, బూజు పట్టిన ఇళ్లల్లో ఉండేవారికి దగ్గు, ఆయాసం, ఉబ్బసం వంటివి ఎక్కువగా కనిపిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించింది. పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

నీళ్లు ఏ దారిని వచ్చాయి?

దొంగను పట్టాలంటే ముందు వాడు వచ్చిన దారి కనుక్కోవాలి. గోడలోకి నీళ్లు నాలుగు దారుల్లో వస్తాయి. మొదటిది, నేలలోంచి పైకి పాకడం. రెండోది, వాననీళ్లు కప్పునుంచో బయటి గోడనుంచో లోపలికి ఊరడం. మూడోది, గోడలోనో గోడ పక్కనో ఉన్న నీళ్లగొట్టం కారడం. నాలుగోది, గాలిలోని ఆవిరి చల్లని గోడకు తగిలి మంచులాగా దిగడం. దారి తెలియకుండా మందు వేస్తే, కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టినట్టుంటుంది.

ఆ ఇంట్లో నీళ్లగొట్టం ఆ గోడ దరిదాపుల్లో లేదు. అంచేత ఒక దారి పోయింది. మిగిలిన మూడింటికీ ఒక చిన్న పరీక్ష చేశాం. ఇది మీ ఇంట్లో పెద్దవాళ్ల సాయంతో మీరూ చేయవచ్చు. జానెడు వెడల్పున్న పలచని ప్లాస్టిక్ కాగితాలు రెండు తీసుకున్నాం. గోడ తుడిచి, ఒకటి బీరువా కింది అర వెనక, ఒకటి పై అర వెనక, నాలుగు అంచులూ గాలి దూరకుండా అంటించాం. పెచ్చులూడే చోట టేపు అంటదు గనక ఇంటి యజమాని చెక్కబద్దలు పెట్టి నొక్కి బిగించాడు. రెండు రోజులు అలా వదిలేశాం.

ప్లాస్టిక్ కాగితానికి గదివైపు తడి పడితే, నీరు గదిలోని గాలినుంచి వచ్చిందన్నమాట. గోడవైపు తడి పడితే, గోడలోంచి వచ్చిందన్నమాట. మూడోనాడు అమ్మాయే వెళ్లి చూసి చెప్పింది. కింది కాగితానికి గోడవైపు ముత్యాల్లాగా నీటిచుక్కలు. పై కాగితానికి రెండువైపులా పొడి.

"కప్పునుంచి కారితే పైదానికి ముందు తడవాలి కదండీ! అది తడవలేదు. కిందనుంచే వస్తోంది," అన్నది అమ్మాయి. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

తరవాత ఇంటి వెనక్కి వెళ్లి చూశాం. వీధి రెండుసార్లు ఎత్తు చేశారట. వాననీళ్లు ఇంట్లోకి రాకుండా వెనక దొడ్లో కూడా మట్టీ ఇసకా తెచ్చి మెత్తారు. ఆ మట్టి ఇప్పుడు లోపలి గచ్చుకంటె జానెడు ఎత్తున గోడను ఆనుకుని ఉంది. పైగా సరిగ్గా బీరువా వెనకే తొట్టి పెట్టి, వలలూ చేపల బుట్టలూ కడిగి ఆ నీళ్లు అక్కడే పారబోస్తున్నారు. ఇంకొక విశేషం ఏమిటంటే, గోడ మొత్తం తొమ్మిది అంగుళాల మందమే గాని, బీరువా గూటి వెనక సగమే, నాలుగున్నర అంగుళాలు. నీరు దూరడానికి అంతకంటె దగ్గర దారి ఏముంటుంది?

మామ్మ అన్నట్టు సముద్రం దగ్గరే. కాని పక్కింటికి కూడా అది అంతే దగ్గర. వారి గోడ పొడిగానే ఉంది. వారి దొడ్లో మట్టి గచ్చుకంటె అడుగు కిందికి ఉంది మరి!

ఇటిక నీళ్లు తాగుతుంది

నీళ్లు పల్లానికి పోతాయి గాని పైకి ఎలా ఎక్కుతాయి? ఒక పళ్లెంలో వేలెడు లోతున రంగునీళ్లు పోసి, అందులో ఎండిన ఇటికముక్కను నిలబెట్టండి. గంట తరవాత చూస్తే తడి నీటిమట్టానికి పైన ఎంతో దూరం పాకి ఉంటుంది. ఇటికలో కంటికి కనపడని సన్నని రంధ్రాలు వేలకొద్దీ ఉన్నాయి. వెంట్రుకకన్నా సన్నని ఈ గొట్టాల్లో నీరు గోడలను అంటిపట్టుకుని పైకి పాకుతుంది. దీన్నే కేశనాళికీయత అంటారు. ప్రమిదలో వత్తి నూనె పీల్చుకునేదీ ఇలాగే. ఇళ్ల గోడల్లో ఈ తడి సాధారణంగా మూడడుగుల ఎత్తుదాకా ఎక్కుతుంది.

మన తీరంలో నీరు ఒంటరిగా రాదు. ఉప్పును వెంటబెట్టుకుని వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. బందరు ప్రాంతపు నేల సముద్రమట్టానికి ఎంతో ఎత్తున లేదు. 1864 నవంబరు 1న వచ్చిన తుఫానులో సముద్రమే బందరు మీదికి వచ్చి సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మీ ఇళ్లల్లో పెద్దవారు ఇప్పటికీ తలుచుకుంటారు. అలాంటి నేలలో తవ్విన చోటల్లా నీరు ఉప్పగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

ఉప్పునీరు గోడ ఎక్కి, పైభాగంలో ఆవిరైపోతుంది. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. అది సున్నం పూత వెనక గడ్డకట్టి, పెరిగి, పూతను బయటికి తోస్తుంది. అందుకే పెచ్చులు ఊడతాయి. పైకి దూదిలాగా కనపడిన తెల్లనిది బూజు కాదు, ఉప్పు! తేడా తెలుసుకోవడం తేలిక. దానిమీద ఒక నీటిచుక్క వేయండి. కరిగిపోతే ఉప్పు, కరక్కుండా నలిగి మరకైతే బూజు. నాలికతో మాత్రం రుచి చూడకండి!

మీలో తెలివైనవారు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. "ఆవకాయకు ఉప్పు వేసేది బూజు పట్టకుండానే కదా! మరి ఉప్పు పట్టిన గోడ దగ్గర బూజు ఎందుకు పట్టింది?" మంచి ప్రశ్న. ఉప్పు మరీ చిక్కగా ఉన్నచోట బూజు బతకదు. దాని ఒంట్లోని నీటినే ఉప్పు లాగేస్తుంది. అందుకే ఆ గోడమీద ఉప్పు పూసినంతమేరా బూజు దాదాపు లేదు. బూజు ఉన్నది ఆ పైనా, చెక్కమీదా, గోడకు ఆనుకున్న పుస్తకాలమీదా, చీరలమీదా. ఉప్పు తాను తడిగా ఉండి, తలుపులు మూసిన బీరువాలో గాలినంతా చెమ్మ చేసింది. ఆ చెమ్మను తాగి బూజు ఉప్పులేని చోట కాపరం పెట్టింది.

రంగు పూస్తే ఏమవుతుంది?

ఎనామిలు రంగు నీటిని పోనివ్వదు. కాబట్టి గోడకు పూస్తే చెమ్మ ఆగిపోతుందని యజమాని అనుకున్నాడు. కాని నీరు వచ్చే దారి కింద తెరిచే ఉన్నది. మూసింది పోయే దారిని! లోపలి నీరు బయటికి ఆరలేక ఇంకా పైకి ఎక్కుతుంది. కొన్నాళ్లకు రంగు బొబ్బలెక్కి ఊడుతుంది. బూజుమీద రంగు వేస్తే బూజు చావదు. రంగునే తిని పైకి వస్తుంది. చెమ్మ గోడకు గట్టి సిమెంటు పూత పూసినా ఇంచుమించు ఇదే జరుగుతుంది.

మన పెద్దలు ఏటేటా సున్నం వేయించేవారు. తీరప్రాంతాల్లో గుల్లలు కాల్చి ఆ సున్నం చేసుకునేవారు. సున్నంపూత గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది, లోపలి తడిని ఆరనిస్తుంది. కొత్త సున్నం మంచి క్షారం గనక బూజుకు గిట్టదు. అయితే గాలి తగిలి అది క్రమంగా సుద్దగా మారిపోతుంది, క్షారగుణం తగ్గుతుంది. ఏటేటా వేయవలసిన అవసరం అందుకే. అది పండగ ముచ్చట మాత్రమే కాదన్నమాట.

రంగు డబ్బా మూత తీయలేదు గనక యజమాని దాన్ని కొట్లో తిరిగి ఇచ్చి వచ్చాడు.

చేసిన పనులు, చేసిన వరస

సంక్రాంతి వెళ్లగానే పని మొదలుపెట్టారు. ముందు నీటి దారి మూశారు. గోడ వెంబడి మట్టి తవ్వి, గచ్చుకంటె అరడుగు కిందికి దించారు. వలలు కడిగే తొట్టిని దూరానికి జరిపి, నీళ్లు వీధి కాలవలోకి పోయేటట్టు వాలు పెట్టారు. దీనికి అయిన ఖర్చు రెండు రోజుల చెమట!

తరవాత పాడైన పూతను, తడి మరక కనపడినచోటికి ఒక అడుగు పైదాకా చెక్కేశారు. లేచిన ఉప్పును పొడి కుంచెతో దులిపి, చేటలోకెత్తి దూరంగా పారేశారు. ఉప్పును నీళ్లతో కడగకూడదు. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

ఆ తరవాత చేసిన పని అన్నిటికన్నా కష్టమైనది. ఏమీ చేయకుండా ఊరుకోవడం! తడిసిన గోడ ఆరడానికి అంగుళానికి ఒక నెల అని ఒక మోటు లెక్క ఉంది. తొమ్మిది అంగుళాల గోడ రెండువైపులా ఆరితే నాలుగైదు నెలలు. మన వైపు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండల్ని గోడకు తగలనిచ్చారు. ఆరిన తరవాత సున్నపు పూత పూయించారు. అందులో కలిపింది ఏటి ఇసక. సముద్రపు ఇసక కలిపితే ఉప్పును చేజేతులా గోడలో పెట్టినట్టే.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారికి ఒక మాట. పునాదిమీద, గోడ లేచేముందు, నీరు ఎక్కకుండా అడ్డుపొర ఒకటి వేయించుకోవాలి. కట్టేటప్పుడు అది చిన్న ఖర్చు. కట్టిన తరవాత పెద్ద పని.

బూజును తీసేటప్పుడు

ఈ పని పెద్దవారిది. పిల్లలు ఆ గదిలో ఉండకూడదు. ఉబ్బసం ఉన్నవారు అసలు చేయకూడదు. చేసేవారు ముక్కూ నోరూ బిగుతుగా మూసే మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. కిటికీ తెరిచి, వంటింటివైపు తలుపు మూయాలి. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో చెక్క అరలను తుడవాలి. పొడిగా రుద్దకూడదు. తుడిచిన గుడ్డను సంచిలో మూటగట్టి పారేయాలి. తరవాత చెక్కను బాగా ఆరనివ్వాలి. మూడడుగుల చదరంకంటె ఎక్కువ మేర బూజు పట్టి ఉంటే పని తెలిసినవారిని పిలవడం మంచిది.

కొందరు ఘాటైన మందులు కలిపి పోస్తారు. బ్లీచింగు మందును మరుగుదొడ్డి కడిగే ఆసిడ్‌తోగాని, అమోనియా ఉన్న మందుతోగాని ఎన్నడూ కలపకూడదు. ప్రాణాపాయమైన విషవాయువు పుడుతుంది. అసలు ఈ పనికి సబ్బునీళ్లు చాలు. చచ్చిన బూజు కూడా పడనివారికి దగ్గు తెప్పిస్తుంది గనక చంపడంకంటె తుడిచి తీసెయ్యడమే ముఖ్యం.

చీరలు సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేశారు. మచ్చలు కొన్ని పోలేదు, వాసన పోయింది. కాగితాలను నీడన, గాలి తగిలేచోట ఒక్కొక్కటే పరిచి ఆరనిచ్చి, బయట మెత్తని కుంచెతో మెల్లగా తుడిచారు. మండుటెండలో ఎక్కువసేపు పెడితే కాగితం పెళుసెక్కుతుంది. పట్టా బతికింది, సర్టిఫికెట్లు బతికాయి. రెండు పుస్తకాలు మాత్రం పనికిరాకుండా పోయాయి.

బీరువాకు కూడా కొన్ని మార్పులు చేశారు. తలుపులకు పైనా కిందా వరసగా రంధ్రాలు తొలిచారు, గాలి ఆడటానికి. గోడకు రెండంగుళాలు ఎడంగా సన్నని బద్దలు కొట్టారు, బట్టలూ పుస్తకాలూ గోడకు ఆనకుండా. వానాకాలంలో బట్టలకు గంజి మానేశారు. తడి పూర్తిగా ఆరనిదే ఏదీ లోపల పెట్టరు. కలరా ఉండలు వేస్తే చాలదా అంటారేమో! అవి బట్టలు కొరికే పురుగులకోసం. బూజుకు అవి లెక్కలేదు. కొందరు కుండలో రాతిసున్నం పెడతారు. అది చెమ్మను పీల్చేమాట నిజమే గాని, కళ్లల్లో పడితే చూపు పోతుంది. పిల్లలున్న ఇంట్లో వద్దు.

ఈ ఏడు వానలు వెళ్లిన తరవాత చూశాను. బీరువా అరల్లో బూజు లేదు. గది మూలన గోడకు జానెడుమేర ఇంకా కొంచెం ఉప్పు పూస్తోంది. పాత ఉప్పు అంత తొందరగా వదలదు. పిల్లవాడి దగ్గు బాగా తగ్గింది. అందులో డాక్టరుగారి మందు వాటా ఎంత, ఆరిన గోడ వాటా ఎంత అని ఒక్క ఇంటిని చూసి తేల్చలేం. రెండూ అవసరమే.

బూజు ఉత్త చెడ్డదా?

అలా అనకండి. రాలిన ఆకులను, పడిన కొమ్మలను కుళ్లబెట్టి మళ్లీ మట్టిగా చేసేవారిలో బూజు ముఖ్యం. అది లేకపోతే అడవులన్నీ చెత్తకుప్పలయ్యేవి. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన గాజుపళ్లెంలో పడి మొలిచిన బూజు చుట్టూ సూక్ష్మజీవులు చచ్చి ఉండటం గమనించాడు. అందులోంచే పెన్సిలిన్ మందు వచ్చింది. మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనలు నడిపిన ప్రయోగశాలలోనే ఆరియోమైసిన్ అనే మరొక గొప్ప మందు దొరికింది. దాన్ని 1948లో లోకానికి వెల్లడించారు. అది బూజునుంచి కాదు, బూజులాగే తంతువులుగా పెరిగే ఒక మట్టి సూక్ష్మజీవినుంచి వచ్చింది. బూజు ఉండవలసినచోట ఉంటే మేలే. మన బీరువా మాత్రం దాని చోటు కాదు.

ఈ నెల మీరు చేయవలసింది

ఒక చిన్న పళ్లెంలో చిటికెడు ఉప్పు పోసి మీ బీరువాలో పెట్టండి. ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలి ఎంత ఆవిరిని పట్టగలదో అందులో నూటికి 75 పాళ్లు దాటి ఆవిరి ఉంటే, ఉప్పు ఆ నీటిని పీల్చి కరగడం మొదలుపెడుతుంది. రాళ్ల ఉప్పులో వేరే లవణాలు కూడా ఉంటాయి గనక అది ఇంకా ముందే చెమ్మెక్కుతుంది. వానాకాలంలో మీ వంటింటి ఉప్పుజాడీ నీరు కారేది ఇందుకే. ఇంట్లో ఆవిరి నూటికి 60 పాళ్లకు లోపుగా ఉంటే బూజు భయం లేదు. 75 దాటి రోజులతరబడి ఉంటే బూజుకు మంచి రోజులు వచ్చాయన్నమాట.

ఇంకొక పళ్లెం ఉప్పు కిటికీలో, వాన తగలనిచోట పెట్టండి. రోజూ ఉదయమూ సాయంత్రమూ రెండూ చూసి, పొడిగా ఉందో చెమ్మగా ఉందో ఒక పుస్తకంలో రాయండి. బీరువాలో ఉప్పు చెమ్మగానూ, కిటికీలో ఉప్పు పొడిగానూ ఉన్న రోజున బీరువా తలుపులు బార్లా తెరిచి పెట్టండి. బయటి గాలి లోపలి తడిని తీసుకుపోతుంది. కిటికీలో ఉప్పే నీరు కారుతున్న రోజున తెరవకండి. తెరిస్తే తడిని లోపలికి పిలిచినట్టే. తలుపు ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు మూయాలో ఆ చిటికెడు ఉప్పే మీకు చెబుతుంది.

నెలాఖరుకు మీ లెక్కలు నాకు రాసి పంపండి. అవనిగడ్డవారి ఉప్పు, గుడివాడవారి ఉప్పు, గిలకలదిండివారి ఉప్పు ఒకే రోజున ఏమేమి చెప్పాయో పక్కపక్కన పెట్టి చూద్దాం.